ఎగ్మూరు కట్టలు విప్పకుండానే తీర్పా?

బానిసల చరిత్ర గురించి మన సభల్లో, పత్రికల్లో ఒక మాట స్థిరపడిపోయింది. వలస పాలకుల దస్తావేజులు దొరలు తమ కోసం తాము రాసుకున్నవి, వాటిలో బానిస గొంతు వినిపించదు, వాటిని వెతికేవాడు చివరికి యజమాని కళ్లతోనే చూస్తాడు, అందుచేత బానిస బతుకును ఊహించుకోవలసిందే తప్ప పరిశోధించలేం అన్నది ఆ మాట. వినడానికి పీడితుల పక్షాన నిలబడినట్టే ఉంటుంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. నేను దీన్ని పూర్తిగా ఖండిస్తున్నాను. చదవని కాగితాల మీద ఇచ్చిన తీర్పు ఇది. దీనివల్ల ఏ దొరకూ నష్టం లేదు. ఆ కాగితాల్లో పేరుతో, వయసుతో, ఊరితో, ఒక్కోసారి సొంత నోటి మాటతో మిగిలి ఉన్న మనుషులకే నష్టం.

పులికాట్ నుంచి ఓడెక్కిన ఒక స్త్రీ సంగతి ముందు చెప్పాలి. పులికాట్ అంటే మన ప్రళయకావేరి. తెలుగు, తమిళం కలిసిపోయే ఆ రేవులో డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1613లో గెల్డ్రియా కోట కట్టింది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో కంపెనీకి అదే ముఖ్యస్థానం. అక్కడి నుంచి బట్టల మూటలు పోయాయి, మనుషులూ పోయారు. అలా పోయిన ఒకామెను కంపెనీ కాగితాలు 'పులికాట్‌కు చెందిన పెద్ద కత్రీన్' అంటాయి. బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఆమె బానిస. 1656లో తన ప్రియుణ్ణి, మలక్కా నుంచి వచ్చిన క్లాస్ అనే మరో బానిసను, చంపిందని అక్కడి న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఆ శిక్షను తర్వాత యావజ్జీవ బహిష్కారంగా మార్చి, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు పంపేశారు. 1657లో ఆమె అక్కడ దిగేనాటికి ఆ వలస పెట్టి ఐదేళ్లే అయింది.

కేప్‌లో కమాండర్ల ఇంటి బట్టలు ఉతికింది. 1668లో బాప్తిస్మం తీసుకుంది. హన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్ అనే జర్మన్ సిపాయి వల్ల కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ బాప్తిస్మం 1669లో జరిగింది. 1671లో, బెంగాల్ నుంచి బానిసగా వచ్చి విడుదలైన ఆంథనీని పెళ్లాడింది. ఆమె శిక్ష కూడా ఆ రోజుల్లోనే రద్దయింది. 1680ల మొదట్లో భార్యాభర్తలిద్దరి పేర్లూ జాబితాల్లోంచి పోతాయి. కొడుకు క్రిస్టోఫెల్ పెరిగి, మతహింస తప్పించుకుని యూరప్ నుంచి వచ్చిన హ్యూగెనో కుటుంబపు పిల్లను, మార్గరీత్ ద సవాయ్‌ను చేసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో స్నైమన్ ఇంటిపేరు వాళ్లు ఆ దంపతుల సంతతి.

ఇదంతా మనకెలా తెలిసింది? ఆమె కోసం రాసిన కాగితం ఒక్కటీ లేదు. శిక్షపడిన మనిషి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోతే వెంట తీర్పు ప్రతి పోవాలి, అందుకని అది మిగిలింది. కోటలో రోజూ ఏం జరిగిందో పైవాళ్లకు చెప్పాలి, అందుకని కమాండరు దినచర్య రాయించాడు. చర్చి తన బాప్తిస్మాల, పెళ్లిళ్ల లెక్క తాను రాసుకుంది. ఎవరింట్లో ఎందరున్నారో, ఎన్ని పశువులున్నాయో తెలిస్తేనే పన్ను వస్తుంది కాబట్టి ఏటా జాబితా వేశారు. విడివిడిగా చూస్తే ఇవన్నీ దొర అవసరాలే. మాన్సెల్ అప్హమ్ వంటి పరిశోధకులు ఓపికగా వీటిని పక్కపక్కన పెట్టారు. అప్పుడు పులికాట్ నుంచి బటేవియాకు, అక్కడి నుంచి మరణశిక్ష అంచుదాకా, అక్కడి నుంచి కేప్ చాకిరేవుకు, చివరికి తన సొంత ఇంటికి నడిచిన ఒక ఆడమనిషి కనబడింది.

ఈ పరిశోధన ఎంత బలమైనదో దక్షిణాఫ్రికా చరిత్రే చెబుతుంది. 1950లో అక్కడి ప్రభుత్వం ప్రతి మనిషికీ జాతి ముద్ర వేసే చట్టం చేసింది. శుద్ధమైన తెల్ల రక్తమని గర్వపడిన కుటుంబాల మూలాల్లో బానిస స్త్రీలున్నారని పాత చర్చి రిజిస్టర్లూ కేప్ కాగితాలూ పట్టుకుని హన్స్ హేసే 1984లో పుస్తకం అచ్చువేస్తే పెద్ద గొడవే లేచింది. యజమానుల కాగితాలే యజమానుల వారసులు కట్టుకున్న అబద్ధాన్ని కూల్చాయి. దొర రాసిన కాగితం దొర పనికే వస్తుందని వాదించేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

మరో ప్రశ్న అడుగుతాను. 1657లో మచిలీపట్నం చెరువుల్లో బట్టలుతికిన స్వతంత్ర స్త్రీలలో ఒక్కరి పేరైనా చెప్పగలమా? ఆమె ఎప్పుడు పెళ్లాడింది, ఎవరికి భయపడింది, బిడ్డకు ఏ పేరు పెట్టింది? చెప్పలేం. ఆమె ఎవరికీ ఆస్తి కాదు, కాబట్టి ఆమెకు కాగితం లేదు. కత్రీన్‌కు ఉంది. మనిషిని అమ్మాలంటే విక్రయపత్రం కావాలి, దానికి సాక్షులు కావాలి. యజమాని చస్తే పంపకానికి ఆస్తి జాబితా రాయాలి. అప్పు తీర్చాలంటే వేలం వేయాలి, వేలానికో చిట్టా ఉండాలి. బానిస పారిపోతే ఫిర్యాదు, దొరికితే విచారణ, జబ్బుపడితే వైద్యుడి రాత, విడుదల చేస్తే హామీదారుడి సంతకం. మనిషిని సరుకుగా మార్చిన వ్యవస్థే ఆ మనిషి అడుగడుగునా కాగితం పుట్టించింది. కారణం క్రూరమైనదే. అయినా ఆ క్రూరత్వం వల్ల మిగిలిన ఆనవాళ్లను కూడా మనం వదిలేస్తే, వాళ్లను రెండోసారి పోగొట్టుకున్నవాళ్లమవుతాం.

1652 నుంచి 1808 దాకా కేప్‌కు తెచ్చిన బానిసలు దాదాపు 63 వేలని రాబర్ట్ షెల్ లెక్క. అందులో సుమారు నాలుగో వంతు భారత ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లు. కేప్ అనాథ ధర్మకర్తల సంస్థ రాయించిన ఆస్తి జాబితాలు చాలావరకు అచ్చరాతలోకి మార్చి అందరికీ అందుబాటులో పెట్టారు. గది గదికీ వెళ్లి గుమాస్తా రాసుకుపోతాడు: మంచం, అద్దం, గిన్నెలు, ఆ తర్వాత మనుషులు. జనవరి, సెప్టెంబర్, టైటస్, క్యూపిడో అని యజమాని తగిలించిన పేర్లు, పక్కన బెంగాల్ అనో కోరమాండల్ తీరమనో మలబారు అనో. తొలిసారి చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది. రెండోసారి చదివితే వేరే సంగతులు కనిపిస్తాయి. ఏ తల్లి పక్కన ఏ బిడ్డ పేరు రాశారు? పదేళ్ల తర్వాతి జాబితాలో ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారా? ఒకే తీరం నుంచి వచ్చినవాళ్లు ఒకే ఇంట్లో ఎందరున్నారు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోగలిగేవారా? పేరు పక్కన రాసిన ఊరు పుట్టిన ఊరే అయి ఉండనక్కర్లేదు, ఓడెక్కిన రేవు కావచ్చని కూడా ఈ చదువే నేర్పుతుంది. ఇలాంటి జాగ్రత్తలన్నీ కాగితంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాళ్లు నేర్పినవి.

ఇంతకీ కాగితం మూగదన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది? అట్లాంటిక్ సముద్రం అవతలి నుంచి. అక్కడ ఆ మాటకు బలమైన కారణం ఉంది. ఆఫ్రికా నుంచి ఓడల్లోకి ఎక్కించిన కోటీ పాతిక లక్షల మందిలో అత్యధికులు ఓడ పుస్తకంలో అంకెలుగానే మిగిలారు. 'రికవరీ' అనే ఓడలో కొరడా దెబ్బలకు చనిపోయిన ఆఫ్రికన్ బాలిక విషయంలో కెప్టెన్ కింబర్‌ను 1792లో లండన్‌లో విచారించి వదిలేశారు. అదే ఓడలో చనిపోయిన మరో పిల్ల గురించి దాదాపు ఏమీ లేదు. సైదియా హార్ట్‌మన్ 2008లో ఆ ఇద్దరి గురించి రాసిన వ్యాసంలోని దుఃఖం నిజమైనది. ఆమె ఆ కాగితాల ముందు కూర్చుని, వాటిని చివరిదాకా చదివి, ఇక ముందుకు దారి లేదన్న చోట ఆగి ఆ మాట అంది. మన దగ్గర ఆ చివరి మాటను మొదటి మాటగా వాడుతున్నారు.

హైతీకి చెందిన మిషెల్ రోల్ఫ్ త్రూయో పుస్తకం కూడా మనవాళ్లకు ప్రియమైనదే. చరిత్రలో మౌనాలు ఎలా పుడతాయో 1995లో ఆయన చెప్పింది ఎంతో ముఖ్యమైన విషయం. ఆధారం పుట్టేటప్పుడు, దాన్ని భద్రపరిచేటప్పుడు, దాన్ని పట్టుకుని కథ అల్లేటప్పుడు, ఆ కథకు అర్థం చెప్పేటప్పుడు, నాలుగు చోట్లా మౌనం పుట్టవచ్చన్నాడు. మన వ్యాసకర్తలు మొదటి రెండింటినే పట్టుకున్నారు. మూడోదీ నాలుగోదీ చరిత్రకారుడి చేతిలో, అంటే మన చేతిలో ఉన్నవి. హైతీ విప్లవంలో పోరాడి తన వాళ్ల చేతిలోనే హతమైన సాన్ సూసీ అనే సేనాని కథను త్రూయో బయటికి తీశాడంటే, మరుగున పడిన ఆధారాలను తవ్వి తీశాడనే అర్థం. ఆయన పేరు చెప్పి తవ్వడం మానేయడం ఆయనకు చేసే అన్యాయం.

ఒక న్యాయశాస్త్రపు తేడాను కూడా మన చర్చల్లో ఎవరూ పట్టించుకోరు. కరీబియన్ దీవుల్లోని బ్రిటిష్ వలసల్లో తెల్లవాడికి వ్యతిరేకంగా బానిస సాక్ష్యం చెల్లేది కాదు. అందువల్ల అక్కడి కోర్టు కాగితాల్లో బానిస మాట చాలాకాలం అరుదు. డచ్చివాళ్ల న్యాయస్థానాల పద్ధతి వేరు. అక్కడ విచారణ అంతా రాతపూర్వకం. నిందితుణ్ణీ సాక్షినీ, వాళ్లు బానిసలైనా సరే, ప్రశ్నలు వేసి జవాబులు రాసుకునేవారు. దక్షిణ అమెరికాలోని బెర్బీస్ వలసలో 1763లో బానిసలు తిరగబడి దాదాపు వలస మొత్తాన్ని పట్టుకున్నారు. వాళ్ల నాయకుడు కాఫీ గవర్నరుకు ఉత్తరాలు రాయించి పంపాడు, వలసను సగం సగం పంచుకుందామని ప్రతిపాదించాడు. తిరుగుబాటును అణిచివేశాక సుమారు 900 మందిని విచారించి వాళ్ల మాటలు రాసుకున్నారు. ఆ కాగితాలు రెండున్నర శతాబ్దాలు నెదర్లాండ్స్‌లో పడి ఉన్నాయి. మార్యొలైన్ కార్స్ వాటిని చదివి 2020లో పుస్తకం రాసింది. తిరుగుబాటులో అందరూ ఒక్క మాట మీద లేరనీ, కొందరు ఇటూ అటూ కాకుండా ప్రాణాలు దక్కించుకోవాలని చూశారనీ, ఆడవాళ్లకు ఆ యుద్ధం వేరే రకంగా అనుభవమైందనీ అందులో తెలుస్తుంది. ఇవి ఊహించి రాయగలిగిన సంగతులు కావు. ఊహిస్తే మనకు నచ్చిన వీరులే పుడతారు.

ఇక మన పొరుగుకు వద్దాం. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో డచ్చివాళ్ల మలబారు రికార్డులున్నాయి. కొచ్చిలో కంపెనీ న్యాయస్థానం పద్దెనిమిదో శతాబ్దంలో నడిపిన కేసులు, బానిసల విక్రయపత్రాలు వాటిలో ఉన్నాయి. మనిషి పేరు, వయసు, ధర, అమ్మినవాడు, కొన్నవాడు, చాలా పత్రాల్లో కులం కూడా. దొంగతనంగా ఎత్తుకుపోయి అమ్మారని, తాను బానిసను కానని వాదించిన మనుషుల వాంగ్మూలాలు ఉన్నాయి. మాథియాస్ వాన్ రోసమ్ బృందం అలాంటి కొన్ని కేసులను ఇంగ్లిష్‌లోకి తెచ్చి 2020లో అచ్చువేసింది. ఆ రికార్డుల డిజిటల్ ప్రతులు నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ ద్వారా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. విజయవాడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఇంత సంపద పెట్టుకుని, బానిసల గొంతు ఎక్కడా లేదని రాస్తున్నాం.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఆ వాంగ్మూలాలు బెదిరించి రాయించినవి, డచ్చి న్యాయస్థానాల్లో చిత్రహింస చట్టబద్ధం, బానిస తన భాషలో చెబితే దుబాసీ ఇంకో భాషలోకి మార్చాడు, గుమాస్తా దాన్ని కుదించి తన పద్ధతిలో రాశాడు. అంతా నిజం. హింసించి రాబట్టిన ఒప్పుకోలును ఎవరూ యథాతథంగా నమ్మకూడదు. కానీ వాంగ్మూలమంటే ఒప్పుకోలు ఒక్కటే కాదు. నేరం చేశావా అన్న ప్రశ్నకు జవాబు ఒత్తిడిలో వంగుతుంది. ఆ జవాబుకు ముందూ వెనకా, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నావు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు దారి చూపారు, ఆ మాట నీకెవరు చెప్పారు అనే చిన్న ప్రశ్నలుంటాయి. న్యాయాధికారికి వాటితో పెద్ద పనిలేదు, వాటిని వంచాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. బానిసల స్నేహాలు, వంటలు, అప్పులు, భయాలు, నమ్మకాలు, పారిపోవడానికి చేసుకున్న ఏర్పాట్లు ఆ చిన్న జవాబుల్లోనే మిగిలాయి. ఒకే సంగతిని ముగ్గురు సాక్షులు మూడు రకాలుగా చెప్పినప్పుడు, ఆ మూడింటి మధ్య తేడాయే పరిశోధకుడికి దారి చూపిస్తుంది. పోలీసు రికార్డుల్లో రైతు తిరుగుబాటుదారుల మనసును చదవడం ఎలాగో రణజిత్ గుహా 1983లోనే చూపించాడు. ఆయన పేరును గౌరవించే మనమే, బానిసల దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతిని వదిలేశాం.

కాగితాన్ని గుడ్డిగా నమ్మి దొర లెక్కనే మళ్లీ అప్పజెప్పేవాళ్లూ ఉన్నారు. ఎన్ని తలలు, ఎంత ధర, ఎన్ని ఓడలు అని లెక్కగట్టి అదే చరిత్ర అనుకునే పని నాకూ నచ్చదు. 1687 సెప్టెంబరులో మద్రాసు సెయింట్ జార్జి కోట నుంచి ఇంగ్లిష్‌వాళ్లు 665 మంది బానిసలను ఎగుమతి చేశారు. ఎలీహు యేల్ అప్పుడు గవర్నరు. ఆ అంకె చెప్పి ఊరుకుంటే అది సుంకం గుమాస్తా పని. అయితే అదే సెప్టెంబరులో గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. అంతకు ముందు రెండేళ్లుగా తెలుగునేల మీద కరువు, సైన్యాల దోపిడీ. కృష్ణ, గోదావరి డెల్టాల్లో, ఖమ్మం దగ్గరి నాగులవంచలో వర్తకశాలలు నడిపిన డచ్చి ఉద్యోగులు ఆ ఏళ్లలో ఉత్తరాలు రాశారు. పులికాట్, బందరు నుంచి బటేవియాకు, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు పోయిన ఆ ఉత్తరాలు ఇవాళ హేగ్‌లో ఉన్నాయి. అంకె పక్కన ఉత్తరం, ఉత్తరం పక్కన ఓడ పత్రం, ఓడ పత్రం పక్కన దిగిన రేవులోని జాబితా పెట్టి చదివితే 665 అన్న అంకె విడిపోయి మనుషులుగా మారే అవకాశం ఉంది. అంకె దగ్గర ఆగిపోవడం తప్పు. అంకె కనబడగానే ముఖం తిప్పుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం వేరే ఉంది. బానిసత్వం ఆఫ్రికా, అమెరికాల సంగతి, మన దగ్గర లేదు అని గట్టిగా నమ్మేవాళ్లు తెలుగునాట కోకొల్లలు. వాళ్లకు ఒక పాత ఆధారం కూడా దొరుకుతుంది. 1819లో మద్రాసు రెవెన్యూ బోర్డు బానిసల గురించి కలెక్టర్లను అడిగినప్పుడు మలబారు, కన్నడ, తమిళ జిల్లాల నుంచి పుటలకొద్దీ వివరాలు వచ్చాయి. తెలుగు జిల్లాల్లో పొలం బానిసత్వం లేదన్న మాట మిగిలింది. బోర్డు అడిగింది భూమిశిస్తు కోసం. పొలంలో ఎవరు పనిచేస్తారు, వాళ్లు భూమితోపాటు అమ్ముడవుతారా అన్నది దాని బెంగ. కరువులో పిల్లలను కొని కోరింగ, యానాం రేవుల్లో ఓడలెక్కించిన వ్యాపారం ఆ ప్రశ్నకు బయట ఉంది. ఆ వ్యాపారం ఎంత నడిచిందంటే, బెంగాల్‌లో కార్న్‌వాలిస్ 1789లో, ఆ మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం, బానిసల ఎగుమతిని నిషేధిస్తూ ప్రకటనలు చేయాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్లు మారిషస్, రీయూనియన్ దీవులకు తీసుకుపోయిన భారతీయ బానిసలు 20 వేల చుట్టుపక్కల ఉంటారని రిచర్డ్ ఆలెన్ అంచనా. మారిషస్ తెలుగువాళ్లకు కోరింగ పేరు మీదుగానే 'కోరంగి' అన్న పేరు పడింది. వాళ్ల పూర్వీకులు కూలి ఒప్పందాల మీద వెళ్లడానికి చాలా ముందే ఆ దీవుల్లో ఈ తీరపు బానిసలు పనిచేశారు.

ఇప్పుడు చూడండి. ఒకాయన మన దగ్గర బానిసలు లేరంటాడు. ఇంకొకాయన ఉన్నారు గానీ వాళ్ల గురించి తెలుసుకోలేమంటాడు. మొదటాయన సంప్రదాయ గర్వంతో, రెండో ఆయన ప్రగతిశీల భాషతో చివరికి ఒక్కచోటికే చేరుతున్నారు. ఇద్దరికీ ఆ కట్టలు విప్పవలసిన పనిలేదు. విప్పితే ఏం కనబడుతుందో కూడా చెబుతాను. కొన్నవాడు డచ్చివాడు, ఫ్రెంచివాడు, ఇంగ్లిష్‌వాడు. అమ్మినవాళ్లు మనవాళ్లు. ఊళ్లలో తిరిగి పిల్లలను పోగుచేసిన దళారులు, రేవుల్లో బేరం కుదిర్చిన మధ్యవర్తులు, అనుమతులిచ్చి సుంకం తీసుకున్న స్థానిక అధికారులు, ఆకలికి తట్టుకోలేక బిడ్డను అమ్ముకున్న తల్లిదండ్రులు. 1659 నుంచి 1661 దాకా తంజావూరు కరువులో డచ్చివాళ్లు కొన్నది 8 వేల నుంచి 10 వేల మందిని; అక్కడ అప్పుడు ఏలుతున్నది తెలుగు నాయక రాజులు. కొచ్చి విక్రయపత్రాల్లో కులాల పేర్లు చదివితే ఎవరి బిడ్డలు అమ్ముడయ్యారో అర్థమవుతుంది. వలస పాలకుల కాగితం మనను కూడా సాక్షిబోనులో నిలబెడుతుంది. అది మూగదని ప్రకటించుకుంటే ఆ బోనెక్కనక్కరలేదు. ఈ మౌన సిద్ధాంతానికి ఇంత ఆదరణ రావడంలో ఈ సౌకర్యం పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

ఆధారాలు లేనిచోట కల్పనతో నింపడమే న్యాయమనే వాదం గురించి కూడా ఒక మాట. నవలకు నేను వ్యతిరేకిని కాను. బానిస స్త్రీ గురించి గొప్ప నవల తెలుగులో రావాలని కోరుకునేవాణ్ణే. కానీ ఆమె గురించి ఏం తెలుసో పూర్తిగా తెలుసుకున్న తర్వాత మిగిలే ఖాళీకే కల్పనకు హక్కు ఉంది. కత్రీన్ తీర్పు ప్రతి ఉందని తెలియకుండా ఆమెను ఊహించే రచయిత ఆమెను అమాయకపు బలిపశువుగానో, నిప్పులు కక్కే వీరనారిగానో తీర్చిదిద్దుతాడు. కాగితంలోని కత్రీన్ ఈ రెండూ కాదు. మనిషిని చంపింది, మరణశిక్ష తప్పించుకుంది, బట్టలుతికింది, కొడుకును కంది, తనలాగే సముద్రాలు దాటి వచ్చినవాణ్ణి పెళ్లాడింది. కల్పన ఇవ్వలేని గౌరవం ఆ మొండి వివరాల్లో ఉంది.

మరి ఏం చేయాలి? భాష నేర్చుకోవాలి. తపన్ రాయచౌధురి డచ్చి నేర్చుకుని హేగ్‌లో కూర్చుని 1605 నుంచి 1690 దాకా కోరమాండల్‌లో డచ్చి కంపెనీ చరిత్రను 1962లో పుస్తకంగా తెచ్చాడు. శ్రీలంక తమిళుడు అరసరత్నం అదే తీరం మీద జీవితకాలం పనిచేసి, హిందూ మహాసముద్రపు బానిస వ్యాపారం మీద ముఖ్యమైన వ్యాసం రాశాడు. వాళ్ల కాలంలో పరదేశం వెళ్లి పాత చేతిరాతతో కళ్లు పాడుచేసుకోవాలి. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు డచ్చి కంపెనీ కాగితాల్లో దాదాపు 50 లక్షల పుటల చేతిరాతను కంప్యూటర్‌తో అచ్చరాతలోకి మార్చి అందరికీ ఉచితంగా వెతుక్కునే వీలు కల్పిస్తోంది. అందులో పాలకొల్లును ఒక రకంగా, ద్రాక్షారామాన్ని ఇంకో రకంగా గుమాస్తాలు తమ నోటికి వచ్చినట్టు రాసుకున్నారు. ఆ వంకర రాతల వెనక ఉన్న పల్లెను గుర్తుపట్టగలిగేది ఆ పల్లె తెలిసినవాడే. ఈ పనిలో లైడెన్ ప్రొఫెసరు కన్నా పశ్చిమగోదావరి విద్యార్థికి ఉన్న బలం ఎక్కువ. ఆ విద్యార్థికి డచ్చి వస్తే చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని చరిత్ర శాఖలను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏటా కనీసం ఇద్దరు విద్యార్థులకు పదిహేడో శతాబ్దపు డచ్చి, మరో ఇద్దరికి ఫ్రెంచి పాత రాతలు నేర్పించండి. ఎగ్మూరులో ఒక్క వేసవి కూర్చోబెట్టండి. కేప్ జాబితాల్లో, మారిషస్ బానిస రిజిస్టర్లలో మన రేవుల పేర్లతో ఉన్న మనుషుల పట్టిక ఒకటి తెలుగులో తయారుచేయండి. పేరు, వయసు, ఏడాది, రేవు, దిగిన చోటు, అంతే చాలు. పత్రికా సంపాదకులకు ఒక విన్నపం. ఈసారి ఎవరైనా వలస పాలకుల దస్తావేజులు బానిసల గురించి మౌనంగా ఉన్నాయని వ్యాసం పంపితే, ఏ దస్తావేజు, ఏ కట్ట, ఎన్నో పుట చూసి ఆ మాట అంటున్నారో అడగండి. జవాబు వచ్చాకే అచ్చువేయండి.